ఫోన్ మూగబోకముందే

సంపాదకుల వారికి నమస్కారం.

తుఫాను వస్తోందన్న ప్రతిసారీ పత్రికల్లో జాగ్రత్తల పెట్టె ఒకటి వేస్తారు. కిటికీలు బిగించుకోండి, చెట్ల కింద నిలబడకండి, సెల్‌ఫోన్లు ఛార్జ్ చేసి ఉంచుకోండి అని ఉంటుంది. ఆ మూడో మాట దగ్గరికి వచ్చేసరికి, చెప్పాల్సింది సగంలోనే ఆపేశారనిపిస్తుంది నాకు. ఛార్జ్ చేసిన ఫోన్‌తో ఏం చేయాలి? అది ఎప్పటిదాకా పనికొస్తుంది? ఆ తర్వాత దేని మీద ఆధారపడాలి? ఇవి ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవు ఎక్కువే, అయినా కోయకుండా వేయమని కోరుతున్నాను.

నేను ఒక మొబైల్ కంపెనీ నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. నావి ఎక్కువగా రాత్రి షిఫ్టులే. మా ఎదురుగా గోడ నిండా తెరలుండేవి. వాటి మీద ఒక్కో టవర్‌కి ఒక్కో చుక్క. అంతా బాగుంటే ఆకుపచ్చ, ఆగిపోతే ఎరుపు. తుఫాను తీరానికి దగ్గరవుతున్నకొద్దీ ఆ చుక్కలు ఏ క్రమంలో రంగు మారతాయో నాకు బాగా తెలుసు. అది జనానికి తెలిస్తే సగం తొందరపాటు, సగం నిర్లక్ష్యం తగ్గుతాయని నా నమ్మకం.

ముందుగా వచ్చేది 'మెయిన్స్ ఫెయిల్' అలారం. అంటే అక్కడ కరెంటు పోయిందని. స్తంభాలు కూలకముందే, ప్రమాదం జరగకుండా విద్యుత్ సిబ్బందే సరఫరా ఆపేయడమూ ఉంటుంది. కరెంటు పోగానే టవర్ తన బ్యాటరీల మీదికి మారుతుంది. ఫోన్ పట్టుకున్నవాళ్లకి ఏ తేడా కనిపించదు. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. జనరేటర్ ఉన్నచోట అది అందుకుంటుంది, డీజిల్ ఉన్నంతవరకూ నడుస్తుంది. రోడ్ల మీద చెట్లు పడి ఉంటే ఆ డీజిల్ తీసుకెళ్లే మనిషి టవర్ దాకా చేరలేడు. కొన్ని గంటలకు 'బ్యాటరీ లో' అని వస్తుంది. తర్వాత చుక్క ఎర్రబడుతుంది. అక్కడి ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోతాయి.

బ్యాటరీ నిండుగా ఉండి కూడా పడిపోయే టవర్లుంటాయి. టవర్ నుంచి మాటలు, డేటా మోసుకెళ్లే ఫైబర్ తెగిపోవచ్చు. తీగ లేకుండా మైక్రోవేవ్ డిష్‌తో నడిచే చోట గాలికి ఆ డిష్ కొద్దిగా పక్కకు తిరిగినా చాలు, ఎదుటి టవర్‌తో లింకు పోతుంది. పైగా చాలా టవర్లు ఒక 'హబ్' టవర్ మీదుగా కలుస్తాయి. ఆ హబ్ ఆగితే దాని వెనక ఉన్నవన్నీ, ఒక్క రేకు కూడా ఊడకపోయినా, కలిసి ఆగిపోతాయి. తెర మీద ఒక మూలంతా ఒక్క క్షణంలో ఎర్రబడటం చూస్తే ఎంత అనుభవం ఉన్నా గుండె ఝల్లుమంటుంది. ఆ ఎరుపు కింద ఎన్ని వేలమంది ఇళ్లకు ఫోన్ చేయాలని చూస్తున్నారో మాకు తెలుసు.

ఇది ఏదో ఒక దేశం ఇబ్బంది కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలో ఫోన్లు మూగబోయాయి. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ (అట్లాంటిక్ వైపు పెద్ద తుఫానును అలా అంటారు) అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికో దీవి మీదుగా వెళ్లాక అక్కడి సెల్ టవర్లలో 95 శాతం దాకా పనిచేయలేదు. 2024లో హెలీన్ హరికేన్ సముద్రానికి చాలా దూరంగా ఉన్న అమెరికాలోని నార్త్ కరోలినా కొండ ప్రాంతాలను ముంచెత్తింది. అక్కడ కూడా ఫోన్లు ఆగిపోతే హ్యామ్ రేడియో (లైసెన్సుతో సొంతంగా నడుపుకునే రేడియో) అభిరుచి ఉన్నవాళ్లు కొండ మీది రిపీటర్, అంటే సంకేతాన్ని అందుకుని దూరానికి మళ్లీ పంపే పరికరం, ద్వారా కబుర్లు అందించారు. ఆధునిక పరికరాలకు కొదవలేని చోట్లే ఇవన్నీ.

ఇందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తుఫాను వేళ ఫోన్ మనకు సమాచారం ఇచ్చేది ప్రధానంగా గాలి రాకముందే. గాలి మొదలయ్యాక అది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాబట్టి తెలుసుకోవాల్సింది ముందే తెలుసుకుని, దించుకోవాల్సింది ముందే దించుకుని పెట్టుకోవాలి. కరెంటు పోయిందంటే టవర్ కూడా బ్యాటరీ మీదికి వెళ్లిందని, ఇక మిగిలింది కొన్ని గంటలేనని లెక్క వేసుకోవాలి. ఆ గంటలు వీడియోలకు కాదు.

ముందే తెలుసుకోవాల్సినది అంటే ఏది? నా దృష్టిలో మొదటిది వాతావరణ శాఖ బులెటిన్, అది కూడా దాని మీదున్న సమయంతో సహా. బంగాళాఖాతంలో తుఫాను ఏర్పడ్డాక భారత వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి బులెటిన్ ఇస్తుంది. తీరం దాటే రోజున ఇంకా దగ్గర దగ్గరగా ఇస్తుంది. అమెరికా హరికేన్ కేంద్రం ఆరు గంటలకొకటి, హెచ్చరికలు అమల్లో ఉన్నప్పుడు మధ్యలో ఇంకొకటి ఇస్తుంది. దీన్నిబట్టి ఉదయం 5:30 పరిస్థితి మీద ఇచ్చిన బులెటిన్‌ను సాయంత్రం చదివేవాళ్లు తుఫాను ప్రస్తుతం ఎక్కడుందో చదవడం లేదని గ్రహించాలి. వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో ముందు పోయేది ఈ సమయమే. 'తుఫాను దిశ మారింది' అని ఉంటుంది. ఎప్పుడు మారింది, ఎవరు చెప్పారు అన్నది ఉండదు. నిన్నటి వార్త ఇవాళ్టిదై తిరుగుతుంది, వేరే దేశంలో ఎప్పుడో పడిన వరద మన వీధి వరదై తిరుగుతుంది. సమయం లేని సందేశాన్ని ముందుకు పంపకుండా ఆపేస్తే చాలు, మిగతా నిజనిర్ధారణ అంతా తర్వాత చూసుకోవచ్చు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లు కూడా బులెటిన్ తేదీ, సమయం కనిపించేలా తీసుకోవాలి.

రెండోది, మ్యాప్ మీద గీసిన దారి. అందరి కళ్లూ ఆ సన్నని గీత మీదే ఉంటాయి. గీత మన ఊరి మీదుగా పోకపోతే హమ్మయ్య అనుకుంటారు. ఆ గీత తుఫాను కేంద్రం దారి మాత్రమే. గాలి, వాన దానికి అటూ ఇటూ వందల కిలోమీటర్ల దాకా ఉంటాయి. గీత చుట్టూ గరాటులా వెడల్పవుతూ పోయే ఆకారం కేంద్రం ఎటెటు జరగొచ్చో చెబుతుంది. అది తుఫాను పరిమాణం కాదు. కాబట్టి గరాటు బయట ఉన్నవాళ్లకి కూడా ముప్పు ఉండొచ్చు. అలాగే ఉపగ్రహ చిత్రంలో మెరిసే ఎరుపు, పసుపు రంగులు చూసి అక్కడ అంత వాన పడుతోందనుకుంటారు. చాలా చిత్రాల్లో ఆ రంగులు మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉందో చూపిస్తాయి. కింద ఎంత వాన పడుతోందో చూడాలంటే రాడార్ చిత్రం చూడాలి. ఇక పది రోజుల ముందే ఫలానా తేదీన ఫలానా చోట తీరం దాటుతుందని రంగుల గాలి మ్యాపులు పంచుకునేవాళ్లున్నారు. అవి కంప్యూటర్ నమూనాలు. ఒక్కో నమూనా రోజుకు రెండుసార్లో నాలుగుసార్లో కొత్తగా లెక్క కడుతుంది. పొద్దున చూపించిన తుఫాను సాయంత్రానికి మ్యాప్‌లో ఉండకపోవచ్చు. వాటిని చూడటం తప్పు కాదు, నేనూ చూస్తాను. ఊరు వదలాలా వద్దా అన్నది మాత్రం అధికారిక హెచ్చరికను బట్టే తేల్చుకోవాలి.

ఇప్పుడు నా పనికి దగ్గరైన సంగతి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా కొన్నిసార్లు ఒక్కసారిగా పెద్ద మోత మోగి, తెర మీద హెచ్చరిక వస్తుంది. దీన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. జపాన్‌లో 2007 నుంచి, అమెరికా, నెదర్లాండ్స్‌లలో 2012 నుంచి వాడుతున్నారు. మన దేశంలో 2023లో పరీక్షా సందేశాలు పంపారు. ఆ రోజు ఉలిక్కిపడి, ఇదేదో మోసమనుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేసుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. దయచేసి మళ్లీ ఆన్ చేసుకోండి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎవరూ ఆపుకోరు.

ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకు విడివిడిగా వెళ్తుంది. లక్షమందికి పంపాలంటే లక్షసార్లు పంపాలి, నెట్‌వర్క్ ఇరుకైతే గంటల తరబడి ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. గుడిమైకులో ప్రకటన లాంటిది. టవర్ ఒక్కసారి చెబుతుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. వందమంది ఉన్నా లక్షమంది ఉన్నా దానికి ఒకటే. మీ నంబరు దానికి అవసరం లేదు, మీరెవరో దానికి తెలియదు. రీఛార్జ్ అయిపోయినా, డేటా ఆపేసినా వస్తుంది. దారిన పోతూ ఆ ప్రాంతంలోకి వచ్చిన పరాయి ఊరివాళ్లకీ వస్తుంది. ఇంతకన్నా నమ్మకమైన హెచ్చరిక ఫోన్‌లో ఇంకొకటి లేదు.

అది రాని సందర్భాలు మాత్రం ఉన్నాయి. ఫోన్ ఆఫ్ చేసి ఉన్నా, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా రాదు. టవర్ ఆగిపోతే రాదు. బ్యాటరీ పొదుపు చేయాలంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి అన్న సలహా అందరూ ఇస్తారు. అది సగమే నిజం. తుఫాను ఇంకా రాకముందు, సిగ్నల్ ఉన్నంతసేపూ ఫ్లైట్ మోడ్ పెడితే అసలు హెచ్చరికే అందదు. ఆ దశలో మొబైల్ డేటా, బ్లూటూత్, లొకేషన్ ఆపేసి, తెర వెలుగు తగ్గించి, ఫోన్‌ను మాత్రం నెట్‌వర్క్ మీదే ఉంచాలి. సిగ్నల్ పూర్తిగా పోయాక అప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టాలి. ఎందుకంటే టవర్ దొరకని ఫోన్ ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. దూరపు టవర్‌ని అందుకోవడానికి గట్టిగా ప్రసారం చేస్తుంది. ఏమీ వాడకుండా జేబులో పెట్టుకున్న ఫోన్ తెల్లారేసరికి చచ్చిపోయిందని చాలామంది అంటుంటారు. కారణం ఇదే. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒకటి నెట్‌వర్క్ మీద ఉంచి, మిగతా మూడూ ఆఫ్ చేయడం అన్నిటికన్నా మంచిది. ఆ ఒకటి ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ బాగా వస్తుందో ఆ సిమ్ ఉన్నదై ఉండాలి.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మీ కంపెనీ సిగ్నల్ పోయి, తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని కనిపిస్తే నిరాశపడొద్దు. వేరే కంపెనీ టవర్ అందుతోందని దాని అర్థం. అత్యవసర నంబరు 112కి చేసే కాల్ ఆ టవర్ మీదుగా వెళ్తుంది.

గాలి మొదలయ్యాక అందరూ చేసే పని ఫోన్ చేయడం. అందరూ ఒకేసారి చేస్తారు కాబట్టి ఎవరికీ కలవదు. కలవకపోతే మళ్లీ, మళ్లీ చేస్తారు. ప్రతి ప్రయత్నమూ బలహీనంగా నడుస్తున్న నెట్‌వర్క్ మీద ఇంకొంత భారం. మీ వేలు అలా నొక్కుతూనే ఉంటే, నిజంగా ఇంట్లో నీళ్లు చేరినవాళ్ల కాల్ కూడా ఇరుక్కుంటుంది. ఎస్సెమ్మెస్ పంపండి. మాట కావాలంటే రెండు వైపులా దారి ఖాళీగా ఉండి, అలాగే నిలబడి ఉండాలి. ఎస్సెమ్మెస్‌కు కొద్ది క్షణాల సందు చాలు. అవతలి ఫోన్ అందకపోతే సర్వర్‌లో ఆగి, అందినప్పుడు చేరుతుంది. వాట్సాప్‌కి డేటా కావాలి, దీనికి అక్కర్లేదు.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక్క ఎస్సెమ్మెస్‌లో 160 దాకా పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతాలు, వత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. అది దాటితే సందేశం ముక్కలై వెళ్తుంది. నెట్‌వర్క్ బాగోనప్పుడు ఒక ముక్క చేరి ఇంకొకటి చేరకపోవచ్చు. అందుకని 'క్షేమం. బడి షెల్టర్‌లో ఉన్నాం. రేపు 8కి ఫోన్ ఆన్ చేస్తా' అన్నంత చిన్నగా రాయాలి. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో, మళ్లీ ఎప్పుడు అందుతారో ఉంటే చాలు. ఆ చివరిది చాలా ముఖ్యం. అది తెలిస్తే అవతలివాళ్లు రాత్రంతా ఫోన్ చేస్తూ కూర్చోరు. తుఫాను ప్రాంతానికి దూరంగా ఉండే బంధువునో స్నేహితుణ్నో ఒకరిని ముందే అనుకుని, అందరూ వాళ్లకే సందేశం పంపి, మిగతావాళ్లకు వాళ్లచేత చెప్పించడం ఇంకా మంచిది. తుఫాను లోపల ఉన్న రెండు ఫోన్లు ఒకదానికొకటి అందడం కన్నా, రెండూ బయటి ఫోన్‌కు అందడం సులువు.

దించుకుని పెట్టుకోవాల్సినవి ఎక్కువేం కాదు. మీ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నెట్‌వర్క్ లేకపోయినా ఫోన్‌లోని జీపీఎస్ పనిచేస్తుంది, అది నేరుగా ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుంది. షెల్టర్ ఎక్కడుందో ఆ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పెట్టండి. సొంత పిల్లల నంబర్లు కూడా నోటికి రాని కాలమిది. ఫోన్ ఆగితే అవి కూడా దానిలోనే ఆగిపోతాయి.

రేడియో సంగతి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. సెల్‌ఫోన్ కంపెనీలో బతికినదాన్నే అయినా, తుఫాను రాత్రి నా పక్కన ఉండాలనుకునేది బ్యాటరీలతో నడిచే రేడియో. ఫోన్ వినాలంటే దగ్గర్లో టవర్ బతికుండాలి. రేడియోకి చాలా దూరంలో ఒక్క ప్రసార కేంద్రం నడుస్తుంటే చాలు. ముఖ్యంగా మీడియం వేవ్ వందల కిలోమీటర్లు వస్తుంది, వినేవాళ్లు ఎంతమంది పెరిగినా ఇరుకవదు. కొన్ని ఫోన్లలో ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది, దానికి డేటా అక్కర్లేదు. వైరున్న ఇయర్‌ఫోన్ పెడితేనే పలుకుతుంది, ఆ వైరే దానికి ఏరియల్. ఫోన్లలో ఈ సదుపాయం తీసేయవద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారుల సంఘాలకు సూచించింది. కొనేటప్పుడు కెమెరా గురించి పది ప్రశ్నలు వేసేవాళ్లు ఎఫ్‌ఎం ఉందా అని ఒక్క ప్రశ్న వేయాలని నా కోరిక. డేటాతో నడిచే రేడియో యాప్ దీనికి బదులు కాదు.

ఫోన్ లేని వేళ ఎవరూ చెప్పలేరు కాబట్టి ముందే మనసులో పెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. భీకరమైన గాలి ఉన్నట్టుండి ఆగి, ఆకాశం తేటపడితే తుఫాను అయిపోయిందని కాదు, తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మీ మీద ఉండొచ్చు. అది దాటగానే గాలి ఇంతకుముందు వీచిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. సిగ్నల్ దొరుకుతుందేమోనని ఆ నిమిషాల్లో ఫోన్ పట్టుకుని మేడ ఎక్కేవాళ్లుంటారు. ఎక్కొద్దు.

ఇదంతా ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు. 1970లో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని తాకి 3 లక్షల మందికి పైగా ప్రాణాలు తీసింది. తుఫాను వస్తోందన్న కబురు ఉంది, అది గుడిసెల దాకా సరిగ్గా చేరలేదు. ఆ తర్వాత అక్కడ వాలంటీర్ల దళాన్ని కట్టారు. రేడియోలో విన్నది మెగాఫోన్‌తో, జెండాలతో వీధి వీధికీ చెప్పడం వాళ్ల పని. ఈనాటికీ ఆ దళం ఉంది. మన వీధిలోనూ చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు, కొత్తగా పనికొచ్చి ఇక్కడి భాష రానివాళ్లు ఉంటారు. మోత మోగే హెచ్చరిక వాళ్లకి మోతగానే మిగిలిపోతుంది. అది అందుకున్నవాళ్లు పక్క తలుపు తట్టి చెప్పాలి.

చివరగా మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. ఒకటి మీకే. తుఫాను వార్త ఎంత చిన్నదైనా, ఆన్‌లైన్‌లో వేసినా కాగితం మీద వేసినా, అది ఎన్ని గంటల బులెటిన్ ఆధారంగా రాశారో మొదటి వాక్యంలోనే వేయండి. శీర్షిక ఫొటో తీసి పంపుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి, కుదిరితే శీర్షిక పక్కనే వేయండి.

రెండోది టెలికాం కంపెనీలకు, ప్రభుత్వానికి. కంట్రోల్ రూమ్‌లో మేం చూసే ఆ చుక్కల మ్యాప్ జనానికీ కనిపించాలి. ఏ టవర్ ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. ఏ మండలంలో ఎంత శాతం ఆగిపోయాయో చెబితే చాలు. అమెరికాలో పెద్ద హరికేన్ వచ్చినప్పుడు అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ కౌంటీల (మన జిల్లాల లాంటివి) వారీగా ఈ లెక్కను రోజూ బయటపెడుతుంది. ప్యూర్టోరికో సంగతి లోకానికి అంకెలతో సహా తెలిసింది అలాగే. తీరంలో ఉన్న తల్లికి ఫోన్ కలవక దూరపు ఊళ్లో ఉన్న కూతురు తల్లడిల్లుతుంది. ఆ మండలంలో టవర్లన్నీ ఆగాయని తెలిస్తే, ఫోన్ మోగకపోవడానికి కారణం తెలిసి కొంత ఊపిరి పీల్చుకుంటుంది. సహాయ బృందాలకు ఇంకో ఉపయోగం ఉంది. సాయం కావాలని ఎక్కువ కాల్స్ వచ్చే చోట కనీసం ఫోన్లు పనిచేస్తున్నాయి. ఒక్క కాల్ కూడా రాని చోట ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పడవలు ముందు ఎటు పంపాలో నిర్ణయించే అధికారి బల్ల మీద ఆ లెక్క గంట గంటకూ ఉండాలి. అది కంపెనీల దగ్గర ప్రతి నిమిషం తయారుగానే ఉంటుంది, కొత్తగా కొలవాల్సింది ఏమీ లేదు. తదుపరి తుఫాను కాలం మొదలయ్యేలోపు ఈ లెక్కను బయటపెట్టేలా నిబంధన తేవాలని టెలికాం శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్ విశ్రాంత ఉద్యోగిని